హైడ్రోక్రాకింగు: బరువు చమురును తేలిక ఇంధనంగా మార్చే ఉత్ప్రేరకాలు

భూమి నుండి తీసిన ముడి చమురును తీసినది తీసినట్లుగా సాధారణంగా ఇంజనులలో వాడరు. అది ఒకే పదార్థం కాదు. కర్బన పరమాణువులు, ఉదజని పరమాణువులు పలు విధాలుగా కలిసి ఏర్పడిన వేల రకాల అణువుల మిశ్రమం. ఉదజని అనగా నేటి పాఠ్యపుస్తకాలలో హైడ్రోజన్ అని వ్రాస్తున్న వాయువే. ఈ అణువులలో కొన్నింటియందు కర్బన పరమాణువులు నాలుగైదు మాత్రమే ఉంటాయి. మరికొన్నింటిలో నలభై, యాభై, అంతకు మించి కూడా ఉంటాయి. చిన్న అణువులు కొద్ది వేడికే ఆవిరి అవుతాయి. పెద్ద అణువులు ఎక్కువ వేడికిగాని ఆవిరి కావు. ఈ భేదాన్ని ఆధారం చేసుకొని శుద్ధి కర్మాగారంలో చమురును కాచి, ఎత్తైన గోపురంలోకి పంపి, ఆవిరులను వేరు వేరు ఎత్తులలో చల్లబరచి భాగాలుగా విడదీస్తారు. దీనినే అంశిక స్వేదనం అంటారు.

గోపురం పైభాగాన వంటగ్యాసు, దాని క్రింద పెట్రోలుకు పనికివచ్చే భాగం, ఆ క్రింద కిరోసిను, డీసెలు వరుసగా లభిస్తాయి. సుమారు 350 డిగ్రీల సెంటిగ్రేడుకు కూడా ఆవిరి కాని బరువు చమురు అడుగున మిగిలిపోతుంది. ఇంకా వేడి చేస్తే అది కూడా మరుగుతుంది గదా అని తోచవచ్చు. కాని వేడి మరీ ఎక్కువైతే ఆ అణువులు మరగకముందే విరిగి, మాడి, బొగ్గు కడతాయి. అందుచేత గాలిని తోడివేసిన రెండవ గోపురంలో, బాగా తక్కువ పీడనం క్రింద, దానిని మరల స్వేదనం చేస్తారు. ఎత్తైన కొండలమీద నీరు 100 డిగ్రీలు కాకముందే మరిగినట్లు, పీడనం తగ్గినప్పుడు ఈ చమురు కూడా తక్కువ వేడికే మరుగుతుంది. ఇట్లా లభించే భాగాన్ని శూన్య స్వేదన చమురు అనవచ్చు. సాధారణ పీడనంలో ఐతే దాదాపు 350 నుండి 550 డిగ్రీల వరకు మరిగే అణువులు ఇందులో ఉంటాయి. చివరకు అడుగున మిగిలేది రోడ్లకు వేసే తారు వంటి అవశేషం.

చిక్కు ఇక్కడే వచ్చింది. స్వేదనం అణువులను వేరుచేస్తుందేగాని వాటిని మార్చదు. ప్రజలకు కావలసినది పెట్రోలు, డీసెలు, విమానాల ఇంధనం. ప్రకృతి ఇచ్చిన చమురులో అవి మనకు కావలసిన పాళ్ళలో లేవు. పలు రకాల ముడి చమురులలో సగానికి దగ్గరగా 350 డిగ్రీలకు పైబడి మరిగే బరువు భాగమే ఉంటుంది. దానిని బాయిలర్లలో కాల్చివేయడం కంటె, దాని పెద్ద అణువులను విరిచి చిన్నవిగా చేయగలిగితే అదే ముడి చమురు నుండి మరింత మేలైన ఇంధనం వస్తుంది. ఆ పనిని ఉదజని సమక్షంలో, ఉత్ప్రేరకం సహాయంతో చేసే విధానమే హైడ్రోక్రాకింగు.

విరిస్తే చాలునా?

పెద్ద అణువులను విరవడం కొత్త సంగతి కాదు. అమెరికాలో విలియం బర్టన్ రూపొందించిన పద్ధతి ప్రకారం 1913 నుండే చమురును అధిక పీడనంలో వేడిచేసి విరిచేవారు. 1930లలో ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హూడ్రి ఈ పనికి ఉత్ప్రేరకాన్ని వాడి చూపించాడు. ఐతే ఈ పద్ధతులలో బయటనుండి ఉదజనిని చేర్చరు. చేర్చకపోతే ఏమవుతుందో ఒక చిన్న లెక్క వలన తెలుసుకోవచ్చు.

లెక్క సులభంగా ఉండడానికి సిటేను అనే అణువును తీసుకుందాం. అందులో 16 కర్బన పరమాణువులు, 34 ఉదజని పరమాణువులు ఒక గొలుసుగా ఉంటాయి. దీనిని సరిగా నడిమికి విరిస్తే రెండు ముక్కలలోను ఎనిమిదేసి కర్బన పరమాణువులు వస్తాయి. ఎనిమిది కర్బన పరమాణువులు గల సంతృప్త అణువు పేరు ఆక్టేను. దానికి 18 ఉదజని పరమాణువులు ఉండాలి. రెండు ముక్కలకు కలిపి 36 కావాలి. మన దగ్గర ఉన్నవి 34 మాత్రమే. రెండు తక్కువ పడినవి. ఒక ముక్క తనకు కావలసిన 18 తీసుకుంటే రెండవదానికి 16 మాత్రమే మిగులుతాయి. ఆ లోటును పూడ్చుకోవడానికి దానిలోని రెండు కర్బన పరమాణువులు తమ మధ్య ద్విబంధం ఏర్పరచుకుంటాయి.

ఇట్టి అసంతృప్త అణువులు స్థిరంగా ఉండవు. ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. గాలి తగిలి జిగురు కడతాయి. కొన్ని ఇంకా ఉదజనిని పోగొట్టుకొని చివరకు దాదాపు కర్బనమే మిగిలిన కోకుగా మారి ఉత్ప్రేరకాన్ని కప్పివేస్తాయి. పెద్ద అణువును ఎన్ని ముక్కలు చేస్తే ఉదజని అప్పు అంతగా పెరుగుతుందన్నమాట. ఆ అప్పు తీర్చే మార్గాలు రెండే. ఒకటి, కొంత కర్బనాన్ని కోకు రూపంలో వదులుకొని, మిగిలిన దానికి ఉన్న ఉదజనిని సరిపెట్టడం. రెండవది, లోటు పడిన ఉదజనిని బయటనుండి తెచ్చి చేర్చడం. హైడ్రోక్రాకింగు అవలంబించేది ఈ రెండవ మార్గాన్ని.

పై ఉదాహరణలో ఒక సిటేను అణువుకు ఒక ఉదజని అణువు చేర్చితే రెండు ఆక్టేను అణువులు లోటు లేకుండా తయారవుతాయి. తూకంలో చెప్పాలంటే 226 కిలోగ్రాముల సిటేనుకు 2 కిలోగ్రాముల ఉదజని చాలును. అనగా నూటికి ఒకటి కూడా కాదు. నిజమైన బరువు చమురులో మాత్రం ఉదజని తక్కువగా ఉండే వలయాకారపు అణువులు చాలా ఉంటాయి. గంధకం, నత్రజని కూడా వాటిలో ఇమిడి ఉంటాయి. వీటన్నిటి నిమిత్తం సాధారణంగా నూటికి రెండు నుండి నాలుగు పాళ్ళవరకు ఉదజని ఖర్చవుతుంది. ఒక టన్ను చమురుకు 25 కిలోగ్రాములు అనుకుంటే, వినడానికి అది స్వల్పమే. కాని సున్న డిగ్రీల వద్ద, సాధారణ వాతావరణ పీడనంలో 25 కిలోల ఉదజని 280 ఘనమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. పది మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు గల తరగతి గదిని అది పూర్తిగా నింపుతుంది. ఇంత తేలిక వాయువును ద్రవంలోని అణువుల దగ్గరకు చేర్చాలంటే దానిని గట్టిగా అదమాలి. ఈ విధానంలో పీడనం 80 నుండి 200 వాతావరణాల వరకు ఎందుకు ఉంటుందో దీనిని బట్టి కొంత గ్రహించవచ్చు.

ఈ విద్య పుట్టుక

అసంతృప్త అణువులకు ఉదజనిని చేర్చడంలో లోహాలు తోడ్పడతాయని కనుగొన్నవాడు ఫ్రాన్సు దేశపు రసాయనికుడు పాల్ సబాతియే. సన్నని నికెలు పొడి సమక్షంలో ఎథిలీను వాయువు ఉదజనిని చేర్చుకొని ఎథేనుగా మారడం 1897లో ఆయన చూశాడు. ఈ కృషికి ఆయనకు 1912లో నోబెలు బహుమానం లభించింది. మన వంట ఇళ్ళకు వచ్చిన వనస్పతి ఈ సూత్రం ఫలమే. ద్రవంగా ఉండే నూనెలోని ద్విబంధాలకు నికెలు సహాయంతో ఉదజనిని చేర్చితే అది పేరుకొని గట్టిపడుతుంది.

జర్మనీలో ఫ్రీడ్రిష్ బెర్గియుస్ మరొక అడుగు ముందుకు వేశాడు. అధిక పీడనంలో ఉదజనిని చేర్చి బొగ్గునే ద్రవ ఇంధనంగా మార్చవచ్చునని ఆయన 1913 నాటికి చూపించాడు. అధిక పీడన పద్ధతులను అభివృద్ధి చేసినందుకు ఆయనకు, కార్ల్ బోష్‌కు కలిపి 1931లో నోబెలు బహుమానం ఇచ్చారు. 1927లో లోయ్నా పట్టణంలో బొగ్గు నుండి పెట్రోలు తీసే పెద్ద కర్మాగారం పని ప్రారంభించింది.

అక్కడ ఎదురైన ముఖ్యమైన ఆటంకం గంధకం. బొగ్గులోను, చమురులోను ఉండే గంధకం నికెలు వంటి లోహాల ఉపరితలాన్ని పట్టుకొని వాటిని నిర్వీర్యం చేస్తుంది. మథియాస్ పీయెర్, ఆయన సహచరులు దీనికి మార్గం కనుగొన్నారు. మాలిబ్డినం, టంగ్‌స్టను లోహాల సల్ఫైడులు, అనగా ముందుగానే గంధకంతో కలిసి ఉన్న సమ్మేళనాలు, గంధకానికి లొంగక పనిచేస్తాయి. నేటి హైడ్రోక్రాకింగు ఉత్ప్రేరకాలలో చాలా భాగం ఈ వంశంలోనివే.

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ విమానాల పెట్రోలులో అధిక భాగం ఇట్టి కర్మాగారాలనుండే వచ్చేది. 1944 మే 12న మిత్రరాజ్యాల విమానాలు లోయ్నా మొదలైన కర్మాగారాలపై బాంబులు కురిపించడం ప్రారంభించినవి. యుద్ధం ముగిసిన తరువాత పశ్చిమాసియా చమురు చౌకగా దొరకడంతో బొగ్గు నుండి పెట్రోలు తీయడం గిట్టుబాటు కాలేదు. ఐతే ఆ విద్య మరుగున పడిపోలేదు. పెట్రోలు నాణ్యతను పెంచే రిఫార్మింగు అనే మరొక ప్రక్రియలో ఉదజని ఉపఫలంగా వెలువడుతుంది. ఆ ప్రక్రియ వ్యాపించగానే శుద్ధి కర్మాగారాలకు ఉదజని చేతికందింది. 1950ల చివర అమెరికాలో కొత్త ఉత్ప్రేరకాలతో, జర్మనీ పద్ధతి కంటె తక్కువ పీడనంలో, ఆధునిక హైడ్రోక్రాకింగు రూపుదిద్దుకొన్నది.

ఒకే గుళిక, రెండు పనులు

పాఠశాలలో ప్రాణవాయువును తయారుచేసేటప్పుడు పొటాసియం క్లోరేటులో మాంగనీసు డయాక్సైడును కలపడం విద్యార్థులు ఎరిగినదే. మాంగనీసు డయాక్సైడు చర్యను వేగిరపరుస్తుంది. చివరకు తాను ఖర్చు కాకుండా మిగులుతుంది. అది అక్కడ చేసేది ఒకే పని. హైడ్రోక్రాకింగు ఉత్ప్రేరకం ఐతే రెండు వేరు వేరు పనులు చేయాలి. ఒకటి విరవడం, రెండవది ఉదజనిని అందించడం. అందుకే దీనిని ద్వంద్వ క్రియా ఉత్ప్రేరకం అంటారు.

విరిచే పని ఆమ్ల స్థానాలది. ఉదజనిని అందించే పని లోహ స్థానాలది. ఇవి రెండూ రెండు మూడు మిల్లీమీటర్ల మందం మాత్రమే గల ఒకే గుళికలో ఉంటాయి. గుళిక నిండా కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. ఒక్క గ్రాము ఉత్ప్రేరకంలోని రంధ్రాల గోడలన్నింటిని విప్పి పరచగలిగితే 200 చదరపు మీటర్లకు పైగా ఉంటుంది. వాలీబాలు ఆటస్థలం వైశాల్యం 162 చదరపు మీటర్లు. చర్య జరిగేది ఉపరితలం మీదనే కాబట్టి ఇంత వైశాల్యం అవసరం.

ఒక పొడవాటి సంతృప్త అణువు ఈ రంధ్రాలలోకి వెళ్ళిందనుకుందాం. మొదట అది లోహ స్థానాన్ని తాకుతుంది. అక్కడ రెండు ఉదజని పరమాణువులను వదలి ద్విబంధం గల అణువు అవుతుంది. ఉదజనిని చేర్చవలసిన లోహమే మొదట దానిని తీసివేయడం వింతగా తోచవచ్చు. కాని సంతృప్త అణువు ఆమ్లానికి సులభంగా లొంగదు. ద్విబంధం ఉంటే ఆమ్లానికి పట్టు దొరుకుతుంది. ఆ అణువు దగ్గరలోని ఆమ్ల స్థానాన్ని చేరి ఒక ప్రోటానును స్వీకరించి ధన విద్యుదావేశం గల అయానుగా మారుతుంది. ఈ అయానుకు నిలకడ లేదు. మొదట తన గొలుసును సర్దుకొని కొమ్మలు వేస్తుంది. ఆ తరువాత విరుగుతుంది. విరిగిన ముక్కలలో ద్విబంధం గల ముక్క మరల లోహ స్థానాన్ని చేరగానే, అక్కడ ఉదజనిని చేర్చుకొని సంతృప్త అణువుగా స్థిరపడి బయటకు వెళ్ళిపోతుంది.

ఈ రాకపోకలలోనే అసలు రహస్యం ఉన్నది. ఆమ్ల బలం ఎక్కువై లోహ బలం తక్కువైతే, విరిగిన ముక్కకు ఉదజని అందేలోపల అది మరొకసారి, ఇంకొకసారి విరిగి పనికిరాని వాయువుగా మారుతుంది, లేదా కోకు కడుతుంది. లోహ బలం ఎక్కువై ఆమ్ల బలం తక్కువైతే ఉదజని చేరుతుందేగాని విరుపు చాలదు. రెండూ పరస్పరం దగ్గరగా, తగిన పాళ్ళలో ఉన్నప్పుడే చమురు మనం కోరిన పరిమాణం దగ్గర విరిగి ఆగుతుంది. ఉత్ప్రేరక నిపుణుల కృషి అంతా ఈ సమతూకం సాధించడానికే.

లోహం ఎన్నిక ముడిసరుకును బట్టి ఉంటుంది. గంధకం లేకుండా శుభ్రం చేసిన చమురుకు ప్లాటినం, పలాడియం వంటి విలువైన లోహాలు స్వల్ప మోతాదులో చాలు. గంధకం ఉన్నచోట నికెలు, మాలిబ్డినం జంటను గాని, నికెలు, టంగ్‌స్టను జంటను గాని సల్ఫైడు రూపంలో వాడతారు. మాలిబ్డినం సల్ఫైడు గ్రాఫైటు వలె పొరలు పొరలుగా ఉంటుంది. పొరల నడిమి భాగం దాదాపు నిద్రాణమే. చర్య జరిగేది అంచులలో. నికెలు పరమాణువులు ఆ అంచులలో చేరి వాటి చురుకుదనాన్ని పెంచుతాయి. కర్మాగారానికి ఉత్ప్రేరకం సామాన్యంగా ఆక్సైడు రూపంలో వస్తుంది. రియాక్టరులో నింపిన తరువాత గంధకపు సమ్మేళనాన్ని ఉదజనితో కలిపి పంపి దానిని సల్ఫైడుగా మారుస్తారు. మరొకచోట విషంగా పనిచేసే గంధకం ఇక్కడ ఉత్ప్రేరకానికి ప్రాణం పోస్తున్నది.

మరిగే రాయి

ఆమ్ల స్థానాలను సమకూర్చే పదార్థాలలో ముఖ్యమైనది జియొలైటు. ఈ పేరుకు గ్రీకు భాషలో మరిగే రాయి అని అర్థం. స్వీడను దేశపు ఖనిజ శాస్త్రజ్ఞుడు క్రోన్‌స్టెట్ 1756లో ఒక ఖనిజాన్ని వేడిచేయగా, దానిలోని నీరు ఆవిరై బయటకు వచ్చి రాయి మరుగుతున్నట్లు కనిపించింది. ఆయనే ఈ పేరు పెట్టాడు. పుణె, నాసిక్ ప్రాంతాలలోని దక్కను బసాల్టు రాళ్ళ తొర్రలలో దొరికే అందమైన జియొలైటు స్ఫటికాలు ప్రపంచ ప్రసిద్ధమైనవి. కర్మాగారాలలో వాడే జియొలైటులు మాత్రం ప్రయోగశాల పద్ధతులలో తయారుచేసినవే.

జియొలైటు సిలికను, అల్యూమినియం, ప్రాణవాయువు పరమాణువులతో కట్టిన జాలకం. సిలికనుకు నాలుగు బంధాలు సహజం. అల్యూమినియం వేలెన్సీ మూడే. అల్యూమినియం సిలికను స్థానంలో కూర్చున్నచోట జాలకంలో ఒక రుణావేశం మిగిలిపోతుంది. దానిని తటస్థం చేయడానికి ఒక ప్రోటాను వచ్చి చేరితే అదే బలమైన ఆమ్ల స్థానం. కనుక అల్యూమినియం పాళ్ళను మార్చి ఆమ్ల స్థానాల సంఖ్యను మార్చవచ్చు.

హైడ్రోక్రాకింగుకు ఎక్కువగా వాడేది వై జియొలైటు. దాని లోపల సుమారు 1.2 నానోమీటర్ల గదులు, వాటికి 0.74 నానోమీటరు వెడల్పు గల ద్వారాలు ఉంటాయి. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. బరువు చమురులోని బొద్దు అణువులకు ఈ ద్వారాలు ఇరుకు. అందుచేత జియొలైటును నీటి ఆవిరిలో బాగా కాల్చి కొంత అల్యూమినియంను జాలకం నుండి తొలగిస్తారు. దీని వలన లాభాలు రెండు. స్ఫటికంలో వెడల్పైన దారులు ఏర్పడతాయి. ఆమ్ల స్థానాలు పలుచబడి, మితిమీరిన విరుపు తగ్గుతుంది.

జియొలైటు పాలు ఎక్కువగా ఉన్న ఉత్ప్రేరకం చురుకైనది. పెట్రోలు వంటి చిన్న అణువులను ఎక్కువగా ఇస్తుంది. స్ఫటికాకృతి లేని సిలికా-అల్యూమినా మీద విరుపు మందంగా ఉంటుంది. డీసెలు, కిరోసిను ఎక్కువగా వస్తాయి. కనుక ఏ ఇంధనం కావాలో నిర్ణయించుకొని దానికి తగిన ఉత్ప్రేరకాన్ని ఎన్నుకుంటారు.

రియాక్టరు లోపల

చమురులోని నత్రజని సమ్మేళనాలలో పలు రకాలు క్షార స్వభావం గలవి. ఆమ్లాన్ని క్షారం తటస్థం చేసినట్లే ఇవి జియొలైటు ఆమ్ల స్థానాలను కప్పివేస్తాయి. కాబట్టి విరిచే ఉత్ప్రేరకానికి ముందు మరొక ఉత్ప్రేరకాన్ని కాపలాగా ఉంచుతారు. అల్యూమినా మీద నికెలు, మాలిబ్డినం గల ఈ మొదటి ఉత్ప్రేరకం గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడుగాను, నత్రజనిని అమ్మోనియాగాను మారుస్తుంది. దానికంటె ముందు ఇంకొక రక్షక పొర ఉంటుంది. చమురుతో వచ్చే నికెలు, వెనేడియం వంటి లోహ మలినాలను అది పట్టి ఉంచుతుంది.

శూన్య స్వేదన చమురును పంపులతో అధిక పీడనానికి ఎక్కించి, ఉదజనితో కలిపి, కొలిమిలో కాచి రియాక్టరు పైభాగంలోకి వదులుతారు. ఉత్ప్రేరకపు గుళికలను పొరలు పొరలుగా పేర్చిన నిలువుపాటి ఉక్కు పాత్రే రియాక్టరు. 350 నుండి 430 డిగ్రీల మధ్య, చమురు గుళికల మీదుగా సన్నగా జారుతూ క్రిందికి దిగుతుంది. ఉదజని దానితోపాటు ప్రవహిస్తుంది. ఈ పాత్రను మామూలు ఉక్కుతో చేయరాదు. అధిక వేడిలో, అధిక పీడనంలో ఉదజని ఉక్కులోకి చొరబడి, అందులోని కర్బనంతో కలిసి మీథేనుగా మారి, లోలోపల పగుళ్ళు పుట్టిస్తుంది. అందుచేత క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కుతో, ఇరవై సెంటీమీటర్లు, అంతకు మించిన మందం గల గోడలతో, లోపల తుప్పు పట్టని ఉక్కు పూతతో నిర్మిస్తారు. వందల టన్నులు, కొన్నిచోట్ల వెయ్యి టన్నులు దాటిన బరువు గల రియాక్టర్లు ఉన్నవి.

బయటకు వచ్చిన ద్రవ్యాన్ని చల్లార్చి వాయువును, ద్రవాన్ని వేరుచేస్తారు. చల్లారేటప్పుడు అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడు కలిసి లవణంగా పేరుకొని గొట్టాలను పూడ్చకుండా మధ్యలో నీటిని చల్లి కడిగివేస్తారు. ఖర్చుకాక మిగిలిన ఉదజనిని కంప్రెసరుతో తిరిగి రియాక్టరుకు పంపుతారు. ద్రవాన్ని స్వేదనం చేసి పెట్రోలు భాగం, కిరోసిను, డీసెలుగా విడదీస్తారు. మారకుండా మిగిలిన చమురును మరల రియాక్టరుకు పంపవచ్చు, లేదా ఇంజను నూనెల తయారీకి వాడవచ్చు.

ఉత్ప్రేరకం మీద కోకు మెల్లమెల్లగా పేరుకుంటూనే ఉంటుంది. చురుకుదనం తగ్గినకొద్దీ ఉష్ణోగ్రతను కొద్ది కొద్దిగా పెంచుతూ పోతారు. సామాన్యంగా రెండు మొదలు నాలుగు సంవత్సరాల తరువాత దానిని తీసివేసి, కోకును కాల్చి మరల వాడతారు, లేదా దానిలోని లోహాలను రాబడతారు.

వేడికి కళ్ళెం

బంధాన్ని విరవడానికి వేడి ఖర్చవుతుంది. ఉదజని చేరినప్పుడు వేడి పుడుతుంది. రెండింటిలో పుట్టేదే ఎక్కువ. కనుక రియాక్టరులో పైనుండి క్రిందికి పోయినకొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతుంది. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. సుమారు పది, పదిహేను డిగ్రీలకే అది రెట్టింపు కాగలదు. వేగం పెరిగితే మరింత వేడి పుడుతుంది. ఈ వలయాన్ని మధ్యలో ఖండించకపోతే అది క్షణాలలో చేయి దాటిపోతుంది. ఉత్ప్రేరకాన్ని ఒకే దొంతరగా గాక పొరలుగా పేర్చేది అందుకోసమే. ప్రతి రెండు పొరల మధ్య చల్లని ఉదజనిని చిమ్మి వేడిని దించుతారు. ప్రతి పొరలోను పలు చోట్ల ఉష్ణమాపకాలను అమర్చుతారు. ఒకే పొరలో కూడా చమురు అంతటా సమంగా పారకపోతే ఒక మూల వేడి గుమికూడుతుంది.

అదుపు తప్పితే ఏమవుతుందో 1997 జనవరి 21న కాలిఫోర్నియాలోని మార్టినెజ్ సమీపంలో ఏవాన్ శుద్ధి కర్మాగారంలో తెలిసివచ్చింది. హైడ్రోక్రాకింగు రెండవ దశలోని ఒక రియాక్టరులో ఉష్ణోగ్రత విపరీతంగా పెరిగింది. దాని నుండి బయటకు పోయే గొట్టం 760 డిగ్రీలకు మించి కాగి ఉండవచ్చునని విచారణలో అంచనా వేశారు. ఆ గొట్టం పగిలి, వెలువడిన ఉదజని, చమురు ఆవిరులు మండిపోయినవి. ఒక కార్మికుడు మరణించాడు. 46 మంది గాయపడ్డారు. మరణించిన వ్యక్తి ఆ సమయంలో రియాక్టరు క్రిందనున్న ఉష్ణమాపకపు పలకను చూడడానికి వెళ్ళి ఉన్నాడు.

అక్కడ నియమం లేకపోలేదు. రియాక్టరులో ఉష్ణోగ్రత సుమారు 427 డిగ్రీలు దాటితే పీడనాన్ని వెంటనే వదిలివేయాలని వ్రాసి ఉన్నది. అట్లా ఎందుకంటే వేడిని పుట్టించేది ఉదజని చేరిక; పీడనం పోతే ఉదజని పోతుంది, చర్య నిలిచిపోతుంది. కాని ఆనాడు అది జరగలేదు. అన్ని ఉష్ణమాపకాలు నియంత్రణ గదిలో కనిపించేవి కావు. కనిపించినవి ఒకదానితో ఒకటి పొసగలేదు. లోగడ ఇట్టి పెరుగుదలలు వచ్చినప్పుడు పీడనం వదలకుండానే నెట్టుకువచ్చిన అలవాటు కూడా ఉన్నట్లు విచారణలో తేలింది. రియాక్టరులోని కొలతలను చూసేవారికి స్పష్టంగా అందించడం, వాటిని నమ్మి వెంటనే చర్య తీసుకోవడం, ఉత్ప్రేరకం తయారీకి ఏమాత్రం తీసిపోని విద్య అని ఈ దుర్ఘటన తెలుపుతున్నది.

మన దేశంలో

మన దేశం తనకు కావలసిన ముడి చమురులో ఐదింట నాలుగు వంతులకు మించి దిగుమతి చేసుకుంటున్నది. కొన్న ప్రతి పీపా నుండి వీలైనంత ఎక్కువ డీసెలు, పెట్రోలు రాబట్టడం అందుచేత అవసరం. మొదటి హైడ్రోక్రాకింగు యూనిటు గుజరాతులోని కోయలి శుద్ధి కర్మాగారంలో 1993-94లో వెలసింది. దాని సామర్థ్యం సంవత్సరానికి 12 లక్షల టన్నులు. తూర్పు తీరాన మొదటి శుద్ధి కర్మాగారం 1957లో విశాఖపట్టణంలో ప్రారంభమైనది. దాని సామర్థ్యాన్ని 83 లక్షల టన్నుల నుండి 150 లక్షల టన్నులకు పెంచే ఆధునికీకరణ పథకంలో హైడ్రోక్రాకింగుకు ముఖ్య స్థానం ఇచ్చారు.

దీనికి మరొక కారణం కూడా ఉన్నది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలైన భారత్ స్టేజి ఆరు నియమాల ప్రకారం పెట్రోలులోను, డీసెలులోను గంధకం పదిలక్షలకు పది పాళ్ళకు మించరాదు. అంతకు ముందు 50 పాళ్ళవరకు ఉండేది. గంధకం కాలితే వెలువడే వాయువు ఊపిరితిత్తులకు హానికరం. బండి పొగగొట్టంలో అమర్చే ఉత్ప్రేరకాన్ని కూడా అది చెడగొడుతుంది. హైడ్రోక్రాకింగులో వచ్చే డీసెలులో గంధకం అత్యల్పం. ఇంజనులో సులభంగా అంటుకొనే గుణం కూడా దానికి ఎక్కువ.

ఐతే ఈ మేలు ఊరికే రాదు. కావలసిన ఉదజనిని ఎక్కువగా సహజవాయువు నుండో, నాఫ్తా నుండో తయారుచేస్తారు. మీథేను నీటి ఆవిరితో చర్య జరిపినప్పుడు, లెక్క ప్రకారం, ప్రతి 8 కిలోల ఉదజనికి 44 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. కొలిమిలో కాల్చే ఇంధనం దీనికి అదనం. నగరాలలోని గాలిని శుభ్రపరచే ఇంధనం కోసం కర్మాగారం దగ్గర భూమిని వేడెక్కించే వాయువును వదులుతున్నామన్నమాట. సూర్యరశ్మి, గాలి వలన వచ్చే విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజనిని తీయడం దీనికి ఒక మార్గం. 2023 జనవరిలో భారత ప్రభుత్వం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ పథకం తలపెట్టిన ఉపయోగాలలో చమురు శుద్ధి కర్మాగారాలు ఒకటి. అప్పుడు సైతం, ఆ ఉదజనిని చమురు అణువుకు తగిన చోట, తగిన క్షణంలో అందించవలసినది ఈ ఉత్ప్రేరకపు గుళికలే. ఆమ్లానికి, లోహానికి మధ్య సమతూకం ఎంత బాగా కుదిరితే, ఖర్చయ్యే ఉదజనికి అంత సార్థకత లభిస్తుంది.